పువ్వు సింగారం.. గడ్డ విషం!

ధర్మపురి: వానలు పడ్డాక పల్లెల్లో ముళ్లకంచెల మీద, గుట్టల అంచున మంటలు లేచినట్టు ఎర్రగా, పసుపుగా కనిపించే పువ్వును చూసే ఉంటారు. ఆరు రేకులూ వెనక్కి విరుచుకుని పైకి లేస్తాయి. ఆకు కొసే మెలి తిరిగి పక్క చెట్టును పట్టుకుంటుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన మన పిల్లలు 'శెంగాందళ్' అని ఠక్కున చెబుతారు. తెలుగు పేరు అడిగితే మాత్రం నీళ్లు నములుతారు.

మన పేరు అడవినాభి. నాభి అంటే ఇక్కడ బొడ్డు కాదు. హిమాలయాల్లో దొరికే వత్సనాభి అనే విషపు వేరును తెలుగులో పొట్టిగా నాభి అన్నారు. ఆ వేరు దూడ బొడ్డులా ఉంటుందట, అందుకని సంస్కృతంలో ఆ పేరు. అది ఎక్కడో మంచుకొండల సరుకు. విషంలో దానికి జోడీ మన అడవిలోనే ఉంది గనుక ఇది అడవినాభి అయింది కాబోలు.

తమిళంలో పేర్లకు కొదవలేదు. కార్తీకంలో పూస్తుంది కాబట్టి కార్తిగైపూ. గడ్డ రెండు పాయలుగా వంగి నాగలిలా ఉంటుంది కాబట్టి కలప్పై కిళంగు. సంస్కృతంలో లాంగలి అన్నా నాగలి మాటే. సంగకాలపు కవి కపిలర్ 'కురింజిప్పాట్టు'లో 99 పూల పేర్లు చెబుతూ మొదట ఎత్తుకున్నది కాందళ్‌నే. పువ్వును తేరిపార చూస్తే కళ్లు నొప్పి పుడతాయని కణ్‌వలి కిళంగు అనీ అంటారు. నమ్మకం మాటెలా ఉన్నా, పిల్లల్ని దూరంగా ఉంచడానికి పనికొచ్చే పేరే!

ఇందులోని విషం కాల్చిసిన్. మొక్కంతా ఉంటుంది, గడ్డలో, గింజల్లో మరీ ఎక్కువ. కీళ్లవాపు జబ్బు గౌట్‌కు డాక్టర్లు దీన్నే కొలిచి ఇస్తారు. అందుకే దిండుక్కల్, కరూర్ వైపు రైతులు గింజల కోసం సాగు చేస్తున్నారు. కొలత తప్పితే ప్రాణం పోతుంది. గడ్డను గెనుసుగడ్డ అనుకుని తిని చనిపోయినవాళ్లున్నారు. తిన్న కొన్ని గంటలకు గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. విరుగుడు మందంటూ లేదు. కాబట్టి, తిన్నారని అనుమానం వస్తే వాంతులయ్యేదాకా ఆగొద్దు. మిగిలిన గడ్డ ముక్క వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి.