కరువు సీమలో సుఖదుఃఖాల లెక్క

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆంగ్లాధికారి మద్రాసు రాజధానికి వచ్చాడు. కరువు ఖర్చును అదుపులో పెట్టడానికి వైస్రాయి లిట్టన్ ప్రభువు అతనిని పంపాడు. 1876లో వానలు కురవలేదు. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండేది. అది ప్రత్యేక జిల్లా అయినది 1882లో. ధాత నామ సంవత్సరంలో వచ్చినందువల్ల ఆ కరువుకు ధాత కరువని పేరు. చేలు ఎండిపోయాయి. గాదెలు అడుగంటాయి. ఊళ్ళకు ఊళ్ళు కదలి కరువు పనులకు చేరాయి. కంకర కొట్టడం, రోడ్లు వేయడం, చెరువులలో పూడిక తీయడం వంటివి ఆ పనులు.

పనిచేసిన పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానితోపాటు కొద్దిపాటి చిల్లర చాలునని టెంపుల్ నిర్ణయించాడు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. స్త్రీలకు, పిల్లలకు అంతకంటె తక్కువ. అంతకు ముందు మద్రాసు ప్రభుత్వం పౌనున్నర ఇస్తూ ఉండేది. ఈ తగ్గింపును సమర్థించిన వాదం స్థూలంగా ఇది: ఖజానా ఒక్క కరువుతోనే ఖాళీ అయితే రాబోయే కరువులలో ఎవరినీ ఆదుకోవడం సాధ్యం కాదు, పన్నులు పెరిగి దేశమంతా బాధపడుతుంది, కాబట్టి ప్రాణం నిలిచేటంత మాత్రమే ఇస్తే ఎక్కువ మందికి ఎక్కువ కాలం సహాయం అందుతుంది. అంకెలతో తూకం వేసిన ఈ వాదం వినడానికి నిర్దయగా ఉన్నా, కొట్టివేయడం తేలిక కాదు. దానిని తూచాలంటే దాని వెనుక ఉన్న నీతిసిద్ధాంతాన్ని ముందుగా తెలుసుకోవాలి.

ఆ సిద్ధాంతమే ఉపయోగితావాదం. దానిని క్రమబద్ధంగా ప్రతిపాదించినవాడు జెరిమీ బెంథామ్ (1748-1832). నీతికి, శాసన నిర్మాణానికి మూలసూత్రాలను చర్చిస్తూ అతడు వ్రాసిన గ్రంథం 1789లో వెలువడింది. ఒక పని మంచిదా, చెడ్డదా అని తేల్చడానికి అది శాస్త్రసమ్మతమా, ఆచారసమ్మతమా అని చూడనక్కరలేదని అతని మతం. ఆ పని వలన ప్రభావితులయ్యే వారందరి సుఖాన్ని కూడి, దుఃఖాన్ని తీసివేయగా మిగిలేదే కొలమానం. అధిక సంఖ్యాకులకు అధికతమ సుఖాన్ని కలిగించే పని మంచిపని.

ఈ సిద్ధాంతంలోని విప్లవస్వభావాన్ని విమర్శకులు తరచుగా మరచిపోతారు. బెంథామ్ లెక్కలో రాజు సుఖం ఒకటి, కూలివాని సుఖమూ ఒకటే. కులం, ధనం, దేశం ఏదీ ఆ విలువను పెంచదు, తగ్గించదు. పశువుల విషయంలో సైతం అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాక, అవి బాధపడగలవా అన్నదే అసలు ప్రశ్న అని అతడు భావించాడు. మేత దొరకక ఎద్దులను కబేళాకు అమ్ముకుని ఏడ్చిన సీమ రైతుకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

బెంథామ్ భావాలకు భారతదేశంతో ఉన్న సంబంధం చిన్నది కాదు. అతని శిష్యుడు జేమ్స్ మిల్ ఒక్కసారి కూడా ఈ దేశంలో అడుగు పెట్టకుండానే బ్రిటిష్ ఇండియా చరిత్రను వ్రాసి, తరువాత ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో ఉద్యోగి అయ్యాడు. అతని కుమారుడు జాన్ స్టూవర్ట్ మిల్ (1806-1873) పదిహేడవ ఏట, 1823లో, అదే కార్యాలయంలో చేరి 1858 వరకు పనిచేశాడు. సుఖాలన్నీ ఒకే జాతివి కావని, బుద్ధికి, హృదయానికి సంబంధించినవి ఉన్నతమైనవని చెప్పి ఇతడు గురువు సిద్ధాంతాన్ని సవరించాడు. 1861లో పత్రికలో వెలువడిన అతని ‘ఉపయోగితావాదం’ ఈనాటికీ ఈ విషయంపై మొదట చదువవలసిన రచన.

సిద్ధాంతం బలమెంతో, కొరత ఏమిటో చూపడానికి సీమలోని చెరువు చాలు. పాతకాలంలో ఆయకట్టుకు నీరు పంచే బాధ్యత నీరుగంటిది. వానలు తక్కువైన ఏడు చెరువులో సగం నీరే నిలిచిందనుకుందాం. ఆయకట్టు మొత్తానికి నీరు వదిలితే పంట మొత్తం పొట్టదశలోనే ఎండిపోతుంది. తూముకు దగ్గరి సగం పొలాలకే వదిలితే ఆ సగమైనా గింజ పడుతుంది. ఇక్కడ ఉపయోగితావాదం చెప్పే తీర్పు స్పష్టం, వివేకవంతం: సగమే తడపాలి. కాని కాలువ చివరి రైతు సంగతి? ఊరి మొత్తం మీద ధాన్యం పెరిగిందన్న మాట అతని పిల్లల ఆకలిని తీర్చదు.

కొన్ని చెరువుల కింద దీనికి ఒక కట్టుబాటు ఉండేది. తడిసే సగం భూమిని ఆ ఒక్క ఏటికి రైతులందరూ తమ తమ భూముల దామాషాలో పంచుకుని సాగు చేసుకునేవారు. చివరి రైతుకు కూడా తూము దగ్గర ఒక మడి దక్కేది. ఎంత నేల తడపాలన్నది మొత్తం ఫలితాన్ని బట్టి తేలింది. ఆ ఫలం ఎవరికి చెందాలన్నది న్యాయాన్ని బట్టి తేలింది. ఉపయోగితావాదానికి ఎదురయ్యే మొదటి ఆక్షేపణ ఈ రెండవ ప్రశ్నలోనే ఉంది. అది మొత్తాన్ని చూస్తుంది, పంపకాన్ని చూడదు.

ఉపయోగితావాది ఊరకుండడు. నిండిన గాదెలో పడే బస్తాకంటె వట్టి గాదెలో పడే బస్తా ఎక్కువ సుఖాన్నిస్తుంది కదా, సరిగా లెక్కిస్తే పంపకం దానంతటదే సమానత్వం వైపు మొగ్గుతుంది కదా అంటాడు. ఇది గట్టి సమాధానమే. అయితే దామాషా కట్టుబాటులో చివరి రైతు తన వాటాను హక్కుగా అడిగాడు. లెక్క తనకు అనుకూలంగా తేలినప్పుడే ఇవ్వండి అని అడగలేదు.

ఇక టెంపుల్ లెక్కకు వద్దాం. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖాధికారి విలియం కార్నిష్ దానిని తీవ్రంగా ఖండించాడు. పప్పు, కూరలు లేని ఆ పౌను ధాన్యంతో ఎండలో కంకర కొట్టే మనిషి బ్రతకలేడని, ఖైదీకి జైలులో పెట్టే తిండి అంతకంటె మెరుగని వాదించాడు. ఆ వాదన ఫలించి 1877 మధ్యలో కూలి పెరిగింది. ఈలోగా ఎందరో నేల రాలిపోయారు. 1876-78 కరువులో దక్షిణ, పశ్చిమ భారతాలలో మరణించినవారు 50 లక్షలకు పైబడతారని సాధారణంగా అంచనా వేస్తారు. బళ్ళారి జిల్లాలో 1881 నాటి జనసంఖ్య 1871 నాటి కంటె తక్కువ.

విచిత్రమేమంటే ఇదే టెంపుల్ 1873-74లో బీహారు కరువును మరొక విధంగా ఎదుర్కొన్నాడు. బర్మా నుంచి బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. మరణాలు చాలా స్వల్పం. దానికి అతనికి దక్కింది ప్రశంస కాదు, దుబారా చేశాడన్న నింద. మద్రాసుకు వచ్చిన టెంపుల్ ఆ నిందను మోస్తూ వచ్చాడు.

కనుక 1877 నాటి పాపాన్నంతా ఉపయోగితావాదానికి అంటగట్టడం న్యాయం కాదు. ధాన్యపు వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్న ఆర్థిక సిద్ధాంతం, ఖజానా భయం అందులో ఎక్కువ పాత్ర వహించాయి. పైగా, లక్షల ప్రాణాలు పోయినపుడు ఆ దుఃఖం ఆదా అయిన రూపాయలకంటె ఎన్నో రెట్లు బరువైనదని, అది తప్పుడు లెక్క అని బెంథామ్ అనుచరుడే ముందుగా అంటాడు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఒకవేళ లెక్క సరిగానే తేలి ఉంటే? ఒక తాలూకాలోని కూలీలను సగం ఆకలితో ఉంచడం వలన దేశం మొత్తం మీద సుఖం నిజంగానే పెరిగి ఉంటే అది ధర్మమవుతుందా? 1971లో ‘న్యాయ సిద్ధాంతం’ అనే గ్రంథాన్ని ప్రకటించిన అమెరికన్ తత్త్వవేత్త జాన్ రాల్స్ ఇక్కడే వేలు పెట్టి చూపాడు. ఒక మనిషి రేపటి సుఖం కోసం నేడు పస్తుండవచ్చు. కష్టమూ అతనిదే, ఫలమూ అతనిదే. సమాజాన్ని కూడా ఒకే మనిషిగా భావించి ఆ లెక్కను దానికి వర్తింపజేస్తే, పస్తులుండేవాడు ఒకడు, ఫలం అనుభవించేవాడు మరొకడు అవుతారు. మనుషులు వేరు వేరు అన్న సత్యాన్ని ఉపయోగితావాదం పట్టించుకోదన్నది రాల్స్ ఆక్షేపణ సారాంశం. ఈ ఆక్షేపణకు పూర్తిగా తృప్తికరమైన సమాధానం ఇంతవరకు రాలేదనే చెప్పాలి.

బ్రిటిష్ తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ మరొక లోపాన్ని చూపి దానికి వలస పాలనను తలపించే పేరే పెట్టాడు: గవర్నరు బంగళా ఉపయోగితావాదం. సుఖదుఃఖాల లెక్క వేసేవారు కొద్దిమంది పెద్దలు. ఆ లెక్క ఎవరి బ్రతుకులను తేలుస్తుందో వారికి అది తెలియదు, తెలియనవసరమూ లేదు. పౌను ధాన్యం చాలునా అని కంకర కొట్టే మనిషిని ఎవరూ అడగలేదు.

వీటికి పూర్తిగా విరుద్ధమైన దిక్కు నుంచి వచ్చే ఆక్షేపణ కూడా ఒకటి ఉంది. ఉపయోగితావాదం మనిషి నుంచి మితిమీరి కోరుతుందన్నది అది. ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలిని చూసి 1972లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. ఆకలిగొన్నవాడు దూరదేశంలో ఉన్నాడన్నది సాకు కాదని, మనకు కలిగే నష్టం అతని బాధకు సమానమయ్యే వరకు ఇవ్వడం విధి అని చెప్పడానికైనా అందులో అతడు వెనుకాడలేదు. అలాగైతే ఎంత ఇస్తే చాలు? పొరుగున ఉన్న కర్నూలు సీమలో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి గంజి పోయించాడని జనం నేటికీ చెప్పుకుంటారు. లోకం ఆయనను దాతగా కొలుస్తుంది. కఠినమైన ఉపయోగితావాది దృష్టిలో మాత్రం ఆయన చేసింది దానం కాదు, కేవలం కర్తవ్యం. చేయని తక్కిన సంపన్నులందరూ దోషులు. ఈ మాట కొందరికి అతిగా తోస్తుంది. ఆకలితో వరుసలో నిలబడినవారికి అలా తోచకపోవచ్చు.

కాలం మారింది, చెరువుల స్థానాన్ని బోరుబావులు ఆక్రమించాయి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వర్షం పడే నేలలో ఒక రైతు మరొక బోరు వేయడం అతని కుటుంబానికి మేలే. అందరూ వేస్తే భూగర్భజలం అడుగంటి అందరికీ కీడు. ఒక్కొక్క పనిని కాక, అందరూ పాటించదగిన నియమాన్ని ఫలితంతో తూచాలనే నియమ ఉపయోగితావాదం ఇలాంటి చోట అక్కరకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్ని వాల్టా అంటారు. ఊరి తాగునీటి ఆధారానికి 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వరాదన్న దాని నిబంధన ఆ తర్కానికి దగ్గరగా ఉంటుంది.

ఆ తరువాతి సంవత్సరాలలో, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాలలోని ఆరువందలకు పైగా పల్లెలలో రైతులే వానను, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేసే పథకం ఒకటి నడిచింది. ఖరీఫ్ ముగిసి రబీ మొదలయ్యే ముందు ఊరివారందరూ కూర్చుని, నేలలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టేవారు. వరి వేస్తే ఎన్ని ఎకరాలకు చాలుతుందో, వేరుశనగ వేస్తే ఎన్ని ఎకరాలకో అందరి ముందూ తేలేది. వరి మానమని ఎవరినీ బలవంతపెట్టే అధికారం ఆ లెక్కకు లేదు. బోరుకు చేసిన అప్పు తీరాలంటే వరి వేయక తప్పదనుకునే రైతు కూడా ఆ సమావేశంలోనే, ఆ అంకెల ముందే కూర్చుని ఉండేవాడు. అతడు తన సంగతి చెప్పేవాడు, మిగిలినవారు వినేవారు.