పాలు పోస్తున్నారా? మానేశారా? - ‘యూజ్డ్ టు’తో తంటా

గేదెలు కొనేందుకు బ్యాంకు అప్పు కోసం ఒక రైతు కొడుకు ఇంగ్లీషులో దరఖాస్తు రాశాడనుకుందాం. ‘రోజూ కేంద్రానికి పది లీటర్ల పాలు పోస్తుంటాం’ అని చెప్పాలన్నది అతని ఉద్దేశం. కాగితం మీద మాత్రం ‘వుయ్ యూజ్డ్ టు సప్లయ్ టెన్ లీటర్స్ ఎవ్రీ డే’ అని పడింది. వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. చిక్కల్లా అర్థంతోనే. ఒకప్పుడు పోసేవారు, ఇప్పుడు మానేశారు అని చదివినవారికి తోస్తుంది. పాడి సాగించని ఇంటికి అప్పెందుకని మేనేజరు అడిగితే తప్పు ఆయనది కాదు. ‘వుయ్ సప్లయ్’ అంటే సరిపోయేది.

అలవాటు అనగానే ‘యూజ్డ్ టు’ అని అతికించడం మన పిల్లల్లో చాలామందికి ఉన్నదే. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ ఇదే తంతు. ‘పేపరు చదువుతుంటాను’ అనబోయి చదవడం మానేసినట్టు చెప్పి వస్తారు.

దీనికి మందు తెలుగులోనే ఉంది. ‘వెళ్లేవాణ్ణి’, ‘పోసేవాళ్లం’, ‘ఉండేది’ అని నోటికి వస్తే అక్కడ ‘యూజ్డ్ టు’ పెట్టవచ్చు. ‘వెళ్తుంటాను’, ‘పోస్తుంటాం’ అని వస్తే పెట్టకూడదు. ఇంగ్లీషువారు పూర్వం ఈ మాటను వర్తమానానికీ వాడేవారు గాని, ఆ వాడుక ఎప్పుడో పోయింది.

పాత రోజుల ముచ్చట్లకు ‘వుడ్’ కూడా పనికొస్తుంది. తాత ప్రతి సోమవారం సంతకు నడిచి వెళ్లేవాడు అనడానికి ‘హి వుడ్ వాక్’ అనవచ్చు. అయితే అది పాత సంగతి అని ముందే తెలిసి ఉండాలి. పైగా ‘వుడ్’ మళ్లీ మళ్లీ చేసిన పనికే చెల్లుతుంది, ఉన్న స్థితికి చెల్లదు. ఊరి చివర చెరువు ఉండేది అనాలంటే ‘దేర్ యూజ్డ్ టు బి ఎ ట్యాంక్’ అనాల్సిందే. ఇలాంటి వాక్యాలకు మన ఊళ్లలో కరువు లేదు.

లెక్క చెప్పేచోట రెండూ పనికిరావు. గుంటూరులో అయిదేళ్లు ఉన్నాను అంటే ‘ఐ లివ్డ్ ఇన్ గుంటూర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. అంతే. మూడుసార్లు వెళ్లాను అన్నా అదే పద్ధతి.

కాదు అని చెప్పేటప్పుడు ‘డిడ్ నాట్ యూజ్ టు’ అని రాయాలి. ‘డిడ్’ వచ్చాక చివరి ‘డి’ ఉండదు. మాటలో అయితే రెంటికీ ‘యూస్టు’ అనే వినిపిస్తుంది కనుక తేడా కాగితం మీదే బయటపడుతుంది.

ఇంకొక మెలిక ఉంది. ‘యామ్’ చేరితే అర్థమే మారిపోతుంది. పాలు పితికేందుకు నాలుగింటికే లేవడం నాకు అలవాటే అని ఆ కుర్రవాడు చెప్పుకోవాలంటే ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫోర్’ అనాలి. ‘యామ్’ మరిచి, ‘గెటింగ్’ను ‘గెట్’ చేశాడా, ఒకప్పుడు లేచేవాణ్ణి అని ఒప్పుకున్నట్టే.