చెక్క గోడలోకి వాన నీళ్లు ఎందుకు పోవు? ల్యాప్ సైడింగ్ సంగతి

గోదావరిఖని క్వార్టర్లలో ఈ మాట చాలా ఇళ్లల్లో వినపడుతది: "మావోడు సియాటెల్‌లో ఇల్లు కొన్నాడు. అంత డబ్బు పోసి చెక్క గోడలేందిరా?" ఇవ్వాళ ఆ గోడ సంగతే చూద్దాం.

బయట కనిపించే పలకలు ఇంటిని మోయవు. లోపల 16 లేదా 24 అంగుళాలకొకటి నిలువు చెక్కలు ఉంటాయి, స్టడ్స్ అంటారు. బరువు వాటిదే. వాటి మీద ప్లైవుడ్ లాంటి షీటు, దాని మీద నీళ్లు ఆపే పొర, ఆ పైన పలకలు. మన గూనపెంకుల లెక్కే, కింది వరుస మీదికి పై వరుస ఎక్కాలి. అందుకే పని కింద నుంచి మొదలైతది. సెడార్ పలకైతే కనీసం అంగుళం ఎక్కాలి.

అసలు కిటుకు మొలలో ఉంది. చెక్క వానకు ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది, అదీ వెడల్పులో. ఒకే మొల రెండు పలకల్లోంచి పోయిందనుకోండి, కదలలేక పలక నడుమ పగులుతది. కాబట్టి కింది పలక అంచుకు కొంచెం పైన, పై పలకకు మాత్రమే, స్టడ్ దొరికేలా కొట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ మొలలు మంచివి. మామూలు ఇనుప మొలకు సెడార్‌లోని టానిన్ తగిలి నల్ల చారలు దిగుతాయి.

పలక వెనక, కోసిన కొసలకు కూడా ప్రైమర్ వేయాలి. ఎవరికీ కనపడని పని కదా, ఎగ్గొట్టేది కూడా దీన్నే! కిటికీ పైన పెట్టే రేకు పై అంచు నీళ్లాపే పొర కిందికి పోవాలి. ఇది తిరగబడితే బయట రంగు బాగానే ఉంటది, లోపల షీటు, స్టడ్స్ కుళ్లుతాయి. ఇల్లు కొనేముందు మీవాళ్లకు చెప్పండి: కింది వరుస మట్టికి ఆరంగుళాలైనా పైన ఉందా, నొక్కితే మెత్తగా ఉందా చూడమని.

మరి మన దగ్గర? టెర్రస్ గదికి వేస్తే ఇటుక గోడకు నేరుగా కొట్టొద్దు. నిలువు పట్టీలు కొట్టి వెనక గాలి ఆడనివ్వాలి. టేకు బాగుంటది కానీ ఖరీదు. మామూలు చెక్కను చెదలు వదలవు. నా ఓటు ఫైబర్ సిమెంట్ పలకలకే. చెదలు తినవు, నిప్పంటుకోవు. కోసేటప్పుడు మాత్రం సిలికా దుమ్ము లేస్తది. దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తదో బొగ్గుబాయి ఊరికి నేను చెప్పాలా? కోసేటాయనకు మంచి మాస్క్ ఇప్పించండి, నీళ్లు చల్లుతూ బయటనే కోయించండి.