బట్టలకు అంటుకునే ఉత్తరేణి.. పళ్లకు మంచిదే, తేలు కుడితే మాత్రం దాన్నే నమ్ముకోవద్దు

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో పొలం గట్టు మీదుగానో, ఖాళీ ప్లాట్ల మధ్య నుంచో నడిచి వస్తే లుంగీ అంచుకు, చీర కుచ్చిళ్లకు, సల్వార్ కింది భాగానికి సన్నటి ముళ్ల గింజలు అంటుకుని ఉంటాయి. దులిపితే రావు, ఒక్కొక్కటీ గిల్లి తీయాల్సిందే. మేకలకు, కుక్కలకు అయితే ఆ గింజలు బొచ్చులోనే ఉండిపోతాయి. అవి ఉత్తరేణి మొక్క గింజలు.

చాలామంది దీన్ని పిచ్చిమొక్క కింద పీకి పారేస్తారు. ఆయుర్వేదం, యునాని రెండింటిలోనూ దీనికి పెద్ద పేరే ఉంది. అయితే ఈ మొక్క ఎందుకు పనికొస్తుందో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఎక్కడ పనికిరాదో తెలుసుకోవడం అంతకంటే ఎక్కువ అవసరం.

పేర్లలోనే గుర్తులు

ఉత్తరేణిని సంస్కృతంలో అపామార్గం అంటారు. గరుకు కంకి ఉన్నది కాబట్టి ఖరమంజరి అనే పేరు కూడా ఉంది. ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు చిర్చిటా, లట్జీరా అంటారు. ఫార్సీలో దీని పేరు ఖార్-ఎ-వాజ్‌గూనా, అంటే తలకిందుల ముల్లు. శాస్త్రీయ నామం అకిరాంథిస్ ఆస్పెరా. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. ఆస్పెరా అంటే లాటిన్‌లో గరుకైనది అని. మన తోటకూర కుటుంబానికి చెందినదే ఈ మొక్క కూడా.

కొందరు దీన్నీ పల్లేరునూ ఒకటే అనుకుంటారు. పల్లేరు (గోఖ్రూ) నేల మీద పాకుతుంది, దాని కాయ గట్టిగా ఉండి కాలికి గుచ్చుకుంటుంది. ఉత్తరేణి నిలువుగా, సుమారు నడుము ఎత్తు వరకు పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి, కాండం కణుపుల దగ్గర ఉబ్బి ఉంటుంది. కొన్ని మొక్కల కాండం ఎర్రగా ఉంటుంది, దాన్ని ఎర్ర ఉత్తరేణి అంటారు. కొమ్మ చివర పొడవాటి సన్నని కంకి వస్తుంది.

ఎందుకు అంటుకుంటుంది?

కంకి మీద పువ్వు మొదట పైకి చూస్తుంది. గింజ పట్టాక కిందికి వంగి కాడకు ఆనుకుంటుంది. ఫార్సీ పేరులోని తలకిందుల ముల్లు ఇదే. ప్రతి పువ్వు కింద సూదిమొన ఉన్న చిన్న రేకులు ఉంటాయి. మనిషి బట్టో, జంతువు బొచ్చో రాసుకోగానే ఆ మొనలు పట్టుకుని, గింజ ఉన్న పువ్వు మొత్తం ఊడి వచ్చేస్తుంది. గింజ ఎక్కడ రాలితే అక్కడ కొత్త మొక్క మొలుస్తుంది. ఆసియా, ఆఫ్రికా ఉష్ణ ప్రాంతాల్లో ఇంతగా వ్యాపించడానికి ఇదొక ముఖ్య కారణం. మన దగ్గర రోడ్ల పక్కన, కంచెల వెంట, పాడుబడ్డ గోడల దగ్గర, బీడు భూముల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

వాడకాలు ఏమిటి?

పల్లెల్లో ఎక్కువగా తెలిసిన వాడకం పళ్లపుల్ల. కాండాన్నో వేరునో కడిగి, చివర నమిలి కుంచెలా చేసుకుని పళ్లు తోముకుంటారు. లేత ఆకుల్ని కొన్ని చోట్ల కూరగా వండుకుంటారు. వినాయక చవితి పూజలో వాడే 21 రకాల పత్రిలో ఇది కూడా ఒకటి. యునాని హకీములు దీన్ని దగ్గు, కఫం, మూత్ర సమస్యల మందుల్లో వాడతారు. చరక సంహితలో ఒక అధ్యాయానికి ఉత్తరేణి గింజల పేరే ఉంది. ఆ గింజలతో పాయసం వండుకు తింటే ఆకలి వేయదని పాతకాలం నుంచి చెబుతారు. అలాగని బరువు తగ్గడానికి ఇంట్లో ఈ ప్రయోగం చేయొద్దు. ఆకలి వేయకపోయినా ఒంటికి తిండి అవసరమే కదా.

ఆధునిక పరీక్షకు నిలిచిన వాడకం ఒకటుంది. ఎండిన మొక్కను కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి, వడకట్టి మరిగిస్తే క్షారం మిగులుతుంది. ఈ క్షారాన్ని, జెముడు పాలను, పసుపును నూలు దారానికి 21 పూతలుగా పట్టిస్తే అది క్షారసూత్రం అవుతుంది. భగందరం, అంటే ఫిస్టులాకు దీనితో చికిత్స చేస్తారు. 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ పి.జె. దేశ్‌పాండే ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు. భారత వైద్య పరిశోధన మండలి దీన్ని ఆపరేషన్‌తో పోల్చి చూసి, 1991లో ఫలితాలు ప్రచురించింది. దారంతో పుండు మానడానికి ఎక్కువ రోజులు పట్టింది కానీ, జబ్బు తిరగబెట్టడం మాత్రం తక్కువగా కనిపించింది. ఇది శిక్షణ ఉన్న వైద్యులు ఆసుపత్రిలో చేసే పని. ఇంట్లో క్షారం తయారుచేసి రాసుకుంటే చర్మం కాలిపోతుంది.

తేలు కుడితే వేరు పని చేస్తుందా?

ఉత్తరేణి గురించి ఊళ్లలో బలంగా ఉన్న నమ్మకం ఇదే. వేరు నూరి కుట్టిన చోట పెడితే తేలు విషం దిగిపోతుందని అంటారు. చాలామందికి నిజంగానే నొప్పి తగ్గింది కూడా. దానికి కారణం వేరే ఉంది. పెద్ద నల్ల తేలు చూడ్డానికి భయంగా ఉన్నా దాని విషం తక్కువ. కొన్ని గంటల్లో నొప్పి దానంతట అదే తగ్గుతుంది, పేరు మాత్రం వేరుకు వస్తుంది.

చిన్నగా ఉండే ఎర్ర తేలు సంగతి అలా కాదు. దాని విషం గుండె మీద పని చేస్తుంది. పిల్లలకు మరీ ప్రమాదం. వాంతులు, ఒళ్లంతా చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం దాని లక్షణాలు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో ఈ రోగులను కాపాడవచ్చని చూపించారు. ఆ తర్వాత మరణాలు బాగా తగ్గాయి. ఆ మందు ఎంత త్వరగా పడితే అంత మేలు. వేరు కోసం వెతికి, నూరి, కట్టు కట్టి, తగ్గుతుందేమోనని ఎదురుచూసే గంట రెండు గంటలే బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి పిల్లలను తేలు కుడితే అది నల్లదా ఎర్రదా అని చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి, లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గర్భిణులు దూరంగా ఉండాలి

కాన్పు త్వరగా కావడానికి, గర్భం పోవడానికి ఈ వేరు వాడే అలవాటు పూర్వం ఉండేది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కూడా గర్భస్రావం కలిగించే గుణం కనిపించింది. అందుకే గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు కషాయం, పొడి, గింజలు ఏ రూపంలోనూ తీసుకోకూడదు. వేరునో పుల్లనో లోపల పెట్టడం ఇంకా ఘోరం. రక్తస్రావం, ఇన్ఫెక్షన్‌తో తల్లి ప్రాణానికే ముప్పు. ఏ ఇబ్బంది ఉన్నా సిగ్గుపడకుండా లేడీ డాక్టర్‌ను కలవాలి.

పళ్లపుల్ల కోసం కోసుకునేవాళ్లు కూడా మురుగు కాలువ పక్కన, కలుపు మందు కొట్టిన గట్ల మీద ఉన్న మొక్కల జోలికి పోవద్దు. శుభ్రమైన చోట ఉన్నది తెచ్చి, బాగా కడిగి వాడుకోవాలి. బీపీ, షుగర్, కిడ్నీ మందులు వాడుతున్నవాళ్లు కషాయం తాగాలనుకుంటే ముందుగా తమ డాక్టర్‌ను అడగడం మంచిది.