ఏప్రిల్ మొదటి తేదీ – పుట్టుపూర్వోత్తరములు

ఏప్రిల్ నెల మొదటి తేదీ వచ్చినదనగా పాఠశాలలలో పిల్లలకు కొంటెతనము, పెద్దలకు జాగరూకత కలుగుట పరిపాటి. ఈ వేడుక ఐరోపా ఖండమున పుట్టి మనకు వచ్చినది. దీని మూలమేమని యడిగినచో చదువుకొన్నవారు సాధారణముగా నొక కథ చెప్పుదురు.

ఫ్రాన్సు రాజగు తొమ్మిదవ చార్లెస్ 1564లో నొక శాసనము చేసి సంవత్సరాదిని జనవరి 1వ తేదీకి మార్చెననియు, ఆ సంగతి యెరుగక ఏప్రిల్‌లోనే పండుగ చేసికొన్నవారిని లోకము గేలిచేసెననియు ఆ కథ. శాసనము మాట నిజమే. కథ మాత్రము నిలువదు. ఫ్రాన్సులో పెక్కుచోట్ల పూర్వపు సంవత్సరాది ఈస్టరు పండుగ. అది యేటేట తేదీ మారునట్టిది. అదియునుగాక, 1561లోనే ఎడ్వర్డ్ ద డేనె అను ఫ్లెమిష్ కవి, ఏప్రిల్ 1వ తేదీన నొక ప్రభువు తన సేవకుని పనికిమాలిన పనులపై త్రిప్పుటను వర్ణించినాడు. అనగా శాసనమునకు మూడేండ్ల ముందే వేడుక కలదు. ఇంగ్లండులో జాన్ ఆబ్రీ దీనిని 1686లో పేర్కొన్నాడు. అచట సంవత్సరాది జనవరికి మారినది 1752లో.

మూలము చెప్పబోయిన పత్రికలే యొకప్పుడు మోసపోయినవి. 1983లో బోస్టన్ విశ్వవిద్యాలయాచార్యుడు జోసెఫ్ బాస్కిన్, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తన విదూషకునకు ఒక్కరోజు రాజ్యమిచ్చుటయే దీనికి మూలమని యొక విలేఖరికి చెప్పెను. పత్రికలు అచ్చువేసినవి. తీరా చూడగా నది ఆచార్యులవారు అప్పటికప్పుడు అల్లిన కథ!

నా బాల్యమున పైతరగతివారు నా చేతికొక అంటించిన కవరు నిచ్చి గదిగదికి త్రిప్పిరి. లోపల ‘వీనిని మరియొక గదికి పంపుడు’ అని మాత్రమే యున్నది. స్కాట్లండులో నిదియే ఆచారమనియు, అట్లు తిరిగినవానిని కోకిలజాతి పక్షి పేరుతో ‘గౌక్’ అందురనియు పెద్దయిన పిమ్మట చదివితిని. నాడందరును నవ్విరి, నేను నవ్వలేకపోతిని. డేనె పద్యములోని సేవకుని తలచినపుడెల్ల ఆ కవరు నాకు జ్ఞప్తికి వచ్చును.

కావున ఉపాధ్యాయ మిత్రులకొక మనవి. ఈ యేడు ఏప్రిల్ 1వ తేదీన 1561, 1564 అను రెండంకెలను నల్లబల్లపై వ్రాసి, ఏది ముందో, దానివలన నేమి తేలునో పిల్లలనే చెప్పనిండు. విద్యార్థులారా! పరిహాస మాడుడు; కాని ఎదుటివాడు మీతోపాటు నవ్వగలడా యని ముందు యోచింపుడు.