మందులకు లొంగని గుండెమంట

గుండెమంట యని మనవారు పిలుచు బాధ నిజమునకు గుండెకు సంబంధించినది కాదు. అన్నకోశమునందు ఊరు పులుపురసము పైకెగసి అన్ననాళమును తాకుటచే రొమ్ము నడుమ మంటయు, నోట పులిత్రేన్పులును కలుగుచున్నవి. అన్ననాళము అన్నకోశముతో కలియుచోట బిగువైన కండరపు కట్టు ఒకటి కలదు. అది కాలువ తూమునకు అమర్చిన తలుపు వంటిది. మ్రింగిన యన్నమును లోనికి విడిచి, పిమ్మట మూసికొనును. ఆ తలుపు వదులైనను, వేళగాని వేళ తెఱచుకొన్నను రసము వెనుకకు తన్నును. అన్నకోశపు లోపొర ఆ రసమును ఓర్చుకొనగలదు, అన్ననాళము ఓర్చుకొనజాలదు.

పెండ్లిభోజనము పిదప ఒకపూట వచ్చిపోవు మంటను గూర్చి యిచట వ్రాయుట లేదు. నెలల తరబడి బాధించుచు, మాత్రలు మ్రింగినను పోని మంటను గూర్చియే ఈ ప్రసంగము. ఇట్టి బాధ గల రైతు మొదట వంటసోడా నీళ్ళు త్రాగును. క్షణకాలము హాయి కలుగును గాని అందలి ఉప్పుగుణము రక్తపుపోటు గలవారికి మంచిది కాదు. పిమ్మట మందుల దుకాణమున గ్యాసు మాత్ర కొనును. అది పనిచేయలేదని ప్రక్కింటివారు చెప్పిన వేఱొక మాత్ర కొనును. ఇట్లు పైకము వ్యయమగుచుండును. మంట మాత్రము మంటగనే యుండును. తుదకు తనకు మందే లేదని నిరాశ చెందును. ఆ నిరాశకు కారణము లేదని చూపుటకే యీ క్రింది సంగతి వ్రాయుచున్నాను.

అమెరికా దేశమున మాజీ సైనికులకై గల వైద్యశాలలలో జరిపిన యొక పరీక్షా ఫలితములు 2019వ సంవత్సరమున ప్రకటింపబడినవి. మాత్రలకు లొంగని గుండెమంట గలవారని పంపబడిన 366 మందిని అందు చేర్చుకొనిరి. మొదట వైద్యులు చేసినది క్రొత్త మందిచ్చుట కాదు. వాడుకలో నున్న ఒమెప్రజోలు మాత్రనే, రెండువారములపాటు, రోజునకు రెండుమారులు, భోజనమునకు ముందు క్రమముగా మ్రింగుడని చెప్పిరి. అంతమాత్రముననే 42 మందికి బాధ తగ్గిపోయెను! మిగిలినవారిలో కొందఱు పరీక్షలు పూర్తిచేయలేదు. కొందఱు ఇతర కారణములచే తొలగింపబడిరి. 23 మందికి అన్ననాళమున వేఱు జబ్బులు బయటపడెను. 99 మందికి పరీక్షలన్నియు చేయగా, పులుపురసము పైకి వచ్చుటయే ఆ మంటకు కారణము కాదని తేలెను. నిజముగా రసము ఎగదన్నుటచేతనే బాధపడుచు, మందునకు లొంగనివారు 78 మందియే మిగిలిరి. వారిని మూడు భాగములుగా చేసి చూడగా, వదులైన కట్టును శస్త్రచికిత్సచే బిగించిన భాగమున నూటికి 67 మందికి గుణము కనబడెను. వేఱు మందులు చేర్చి యిచ్చిన భాగమున 28 మందికి మాత్రమే. కావున మందు పనిచేయలేదనుమాట ఒక్కటియేయైనను దాని వెనుక నున్న కారణములు పెక్కులు. తన కారణమేదో తెలిసికొనక మాత్ర మార్చుట, తెగులేదో చూడక పైరుపై మందు చల్లుట వంటిది.

మొదటి కారణము మన పల్లెలలో మిక్కిలి సాధారణమని నా అభిప్రాయము. ఒమెప్రజోలు, పాంటోప్రజోలు మొదలగు మాత్రలు, రసమును ఊర్చు కణములు పనిలో నున్నప్పుడే వానిని అణచును. ఆ కణములను మేల్కొలుపునది భోజనము. కాబట్టి మాత్రను భోజనమునకు అరగంట మొదలు గంట ముందుగా మ్రింగవలెను. తెల్లవాఱుజామున మాత్ర మ్రింగి పొలము పోయి, ప్రొద్దెక్కిన పిదప 10 గంటలకు చద్దియన్నము తినువానికి ఆ మాత్ర చాలవఱకు వ్యర్థమే. అట్టివారు మాత్రను అన్నపు క్యారేజితోపాటు పొలమునకు కొనిపోయి, తినుటకు అరగంట ముందు వేసికొనుట మేలు. ఇది మంట పుట్టినప్పుడు మ్రింగి తత్‌క్షణము చల్లార్చుకొనునట్టి మందు కాదు. పూర్తిబలము చూపుటకు కొన్నిదినములు పట్టును. చాలకాలము వాడి తటాలున మానివేసినచో రసము మునుపటికంటె హెచ్చుగా ఊరి కొన్నివారములు బాధించవచ్చును. కనుక వైద్యుని అడిగి క్రమముగా తగ్గించుకొనవలెను.

ఇక తలుపును వదులుచేయు అలవాట్లు. కడుపునిండ తిని వెంటనే నాటునకో కలుపుతీతకో వంగినచో రసము పైకి రాక మానదు. భోజనానంతరము కొంతసేపు నిలిచి చేయు పని పెట్టుకొనుడు. మొలత్రాడును, పంచెముడిని బిగించి కట్టకుడు. రాత్రిభోజనమునకును నిద్రకును మూడు గంటల యెడముండవలెను. మోటారుకు కరెంటు వచ్చువేళను బట్టి తిని పడుకొను రైతునకు ఇది కష్టమని యెఱుగుదును, అట్టిరాత్రులందు తక్కువగా తినుట యొక్కటియే ఉపాయము. మంచపు తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలుంచి 6 మొదలు 8 అంగుళములు ఎత్తుచేయవలెను. తలగడలు పేర్చినచో నడుము ముడిగి కడుపు నొక్కబడును గాన ప్రయోజనము లేదు. నులక వదులైన మంచమున ఈ ఉపాయము సాగదు. ముందు నులక బిగించుకొనవలెను. ఎడమప్రక్కకు తిరిగి పడుకొనుట మేలు. చుట్ట, బీడీ, కల్లు, సారాయి ఆ కట్టును సడలించును. పొట్ట పెరిగినవారు బరువు తగ్గినచో మంటయు తగ్గును.

మిరపకాయ, గోంగూర, చింతపండు అన్నియు మానివేయుమని చెప్పువారు కలరు. అందఱికి అన్నియు పడకపోవు. ఏది తిన్న దినమున మంట హెచ్చుచున్నదో గుర్తించి దానినే మానిన చాలును. ఊరక చప్పిడికూడు తిని కృశింపనక్కఱలేదు.

మోకాళ్ళనొప్పులకు, నడుమునొప్పికి దుకాణమున కొనితెచ్చి దినదినము మ్రింగు డైక్లోఫినాకు వంటి మాత్రలు అన్నకోశమున పుండ్లు పుట్టించును. ఒకవైపు వానిని మ్రింగుచు మఱియొకవైపు మంటకు మందు వాడుట, గండి పూడ్చక నీరు తోడుట వంటిది. ఏ మాత్రయైనను కూర్చుండి నిండుగ్లాసు నీటితో మ్రింగవలెను. పడుకొని గ్రుక్కెడు నీటితో మ్రింగిన మాత్ర అన్ననాళమున అంటుకొని అచ్చటనే పుండుచేయవచ్చును.

గొంతుమంట మాట వేఱు. రొమ్మున మంట లేక గొంతు మాత్రమే మండుచున్నచో రసమే కారణమని నిశ్చయింపరాదు. బ్రిటను దేశమున 346 మందితో జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, సగము మందికి లాన్సొప్రజోలు మాత్రలు, తక్కినవారికి మందులేని వట్టి మాత్రలు 16 వారములిచ్చిరి. ఇరువురికిని గొంతుబాధ ఇంచుమించు సమానముగనే తగ్గెను. మిరపకల్లములోని ఘాటు, బియ్యపుమిల్లు దుమ్ము, ముఖమునకు గుడ్డ కట్టక చల్లిన పురుగుమందు, పొగాకు, ముక్కునుండి వెనుకకు జాఱు చీమిడి, ఇవన్నియు గొంతును మండించును. మాటిమాటికి గొంతు సకిలించుటచే పొర రేగి మంట మఱింత పెరుగును; సకిలింపబుద్ధియైనపుడు గ్రుక్కెడు నీరు త్రాగుట మంచిది. గొంతు బొంగురుపోయి మూడువారములైనను బాగుపడనిచో గొంతువైద్యునికి చూపింపక తప్పదు. పొగాకు అలవాటు గలవారికి ఇది మఱింత ముఖ్యము.

ఈ క్రింది గుర్తులున్నచో ఇంటియుపాయములతో ఒక్కదినమును గడపరాదు. ముద్ద దిగకుండుట, దిగునపుడు అడ్డుపడుట, కారణములేక చిక్కిపోవుట, మానని వాంతులు, నెత్తురు కక్కుట, తారువలె నల్లని విరేచనము. ఇనుపధాతువు మాత్రలచేతను విరేచనము నల్లబడును గాని, ఆ నిర్ణయము వైద్యునిది. ఇట్టివారికి నోటిద్వారా సన్నని గొట్టము పంపి లోపల చూచు ఎండోస్కోపీ పరీక్ష అవసరము. రొమ్ముపై బరువుపెట్టినట్లు నొప్పి కలిగి, చేతికో దవడకో ప్రాకి, చెమటలు పోసి, ఊపిరాడనిచో అది గ్యాసు అని సోడా త్రాగి పడుకొనరాదు. గుండెపోటు ఇట్లే వచ్చును. వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఎండోస్కోపీలో ఏమియు కనబడలేదన్నచో మీది అపోహయని అర్థము కాదు. ఇట్టివారిలో కొందఱు పై పరీక్షలోని 99 మంది వంటివారు. అన్ననాళపు నరములు మిక్కిలి సున్నితమై, ఎగదన్నని రసమునకును మంటను పుట్టించును. వీరికి పులుపును తగ్గించు మాత్రలు హెచ్చించి ఫలము లేదు. నరములను శాంతపఱచు మందులను వైద్యుడు తక్కువమోతాదున ఇచ్చును. భోజనానంతరము కూర్చుండి, రొమ్ము కదలక పొట్ట మాత్రము లేచి దిగునట్లు నెమ్మదిగా ఊపిరి తీయుట కొందఱికి మేలుచేయుచున్నది. రసము పైకి వచ్చుచున్నదో లేదో ఒక అహోరాత్రము కొలిచిచూచు పరీక్ష పెద్ద ఆసుపత్రులలో గలదు. అక్కడికి పోవునపుడు ఇంతవఱకు వాడిన మాత్రల అట్టలన్నియు, నొప్పిమాత్రలవి సహితము, ఒక సంచిలో వేసికొని పొండు. ఏ మాత్రను ఏ వేళ, తిండికి ఎంత ముందు మ్రింగితిరో అడుగకముందే చెప్పుడు.