ఇరువదియొక్క అంకెల సంఖ్య

67 రెండ్లను వరుసగా గుణించి, వచ్చిన లబ్ధమునుండి 1 తీసివేసినచో 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చును. దీనిని క్లుప్తముగా 2⁶⁷−1 అని వ్రాయుదురు. ఇందు 21 అంకెలు కలవు. ఇది ప్రధాన సంఖ్యయా? అనగా, 1 చేతను, తనచేతను తప్ప మరి ఏ సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడనిదా? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము లభించుటకు రెండున్నర శతాబ్దములకు పైగా పట్టినది.

2³−1=7, 2⁵−1=31, 2⁷−1=127. ఇవి ప్రధాన సంఖ్యలే. కాని ఘాతాంకము ప్రధాన సంఖ్య అయినంతమాత్రమున ఫలితమును అట్టిదే కానక్కరలేదు. 2¹¹−1=2047; ఇది 23, 89ల లబ్ధము. 257 వరకు గల ఏ ఘాతాంకములకు ప్రధాన సంఖ్యలు వచ్చునో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో ఒక పట్టిక ప్రకటించెను. అందు 67 కూడ ఉన్నది. నిరూపణ మాత్రము లేదు.

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ 2⁶⁷−1 ప్రధాన సంఖ్య కాదని తేల్చెను. అయితే దాని కారణాంకములలో ఒక్కటియు ఆయనకు తెలియదు! ఇదెట్లు సాధ్యము? లూకాస్ పద్ధతిని 1930లో లేమర్ సులభతరము చేసెను. ఆ రూపములో 31ని పరీక్షింతము. 4తో ఆరంభించి, దాని వర్గమునుండి 2 తీసివేసి, 31చే భాగించి శేషమును గ్రహింపవలెను. ఆ శేషముతో మరల అట్లే చేయవలెను. ఘాతాంకము 5 కనుక, దానికి రెండు తక్కువగా 3 సార్లు చేసిన చాలును. 4 నుండి 14 వచ్చును. 14 నుండి 194, శేషము 8. 8 నుండి 62, శేషము 0. చివర సున్న వచ్చినచో అది ప్రధాన సంఖ్య, రానిచో కాదు. 2047కు ఇట్లే 9 సార్లు చేయగా 1736 మిగులును. కారణాంకములను వెదకకుండగనే తీర్పు లభించినది.

కారణాంకములను కనుగొనుట వేరు పని. 2⁶⁷−1ని భాగించు ప్రతి సంఖ్యయు 67కు రెట్టింపైన 134చే భాగింపబడినపుడు శేషము 1 ఉండితీరవలెను. 23, 89లను 22చే భాగించి చూచినను ఇట్లే యుండును. ఈ నియమ మొక్కటే ఆధారముగా వెదకినచో, చిన్న కారణాంకమును చేరుటకే 14 లక్షలకు పైగా భాగహారములు చేయవలెను. అమెరికా గణితజ్ఞుడు కోల్ మరికొన్ని నియమములతో వడపోసి, 1903 అక్టోబరులో న్యూయార్కు గణిత సమావేశమున ఫలితమును ప్రకటించెను:

19,37,07,721 × 7,61,83,82,57,287.

విద్యార్థులు దీనిని గుణించి సరిచూచుకొనవచ్చును. గుణించుట కొద్ది నిమిషముల పని. విడదీయుట ఎంతో ప్రయాసతో కూడినది. నేడు కంప్యూటరు ఈ సంఖ్యను క్షణములో విడదీయును. కాని వందల అంకెల సంఖ్యల విషయమున ఆ కష్టము ఇంకను ఉన్నది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ రూపొందించిన రహస్యలిపి పద్ధతికి ఆ కష్టమే రక్ష.

2²³−1=83,88,607. దీని కారణాంకములను 46చే భాగించిన శేషము 1 ఉండవలెను. అట్టి సంఖ్యలలో 1 తరువాత మొదటిదానితో ప్రయత్నించి చూడుడు.